ఇంటికి ఉత్తరం రాసే ముందు

గత నెల తార్నాకలో జరిగిన మా సమావేశానికి ఒక డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు వచ్చారు. చర్చ అయిపోయి అందరం టీ తాగుతున్నప్పుడు ఆమె మెల్లగా అడిగారు: "నా క్లాసులో ఒకమ్మాయి మూడు వారాలుగా సరిగ్గా రావడం లేదు. వచ్చిన రోజు చివరి బెంచీలో తల వాల్చుకుని నిద్రపోతుంది. అడిగితే విసురుగా మాట్లాడింది. ఇలాంటివాళ్ళ ఇంటికి తెలియజేయాలని ప్రిన్సిపాల్ గారి సర్క్యులర్ ఉంది. తెలియజేయమంటారా?"

గది రెండుగా చీలిపోయింది. తెలియజేయడం మన బాధ్యత, రేపు ఏదైనా జరిగితే ఎవరిదంటారని కొందరు. అసలు ఇంట్లో పరిస్థితి ఏమిటో తెలియకుండా ఎలా చెబుతారని కొందరు. నాకు వెంటనే నోరు పెగల్లేదు. ఎందుకంటే పద్దెనిమిదేళ్ళ కిందట అలా తెలియజేసిన దాన్ని నేను.

అప్పుడు నేనొక కాలేజీలో కొత్తగా చేరాను. లేడీస్ హాస్టల్‌కి అసిస్టెంట్ వార్డెన్ పని కూడా నాకే అప్పగించారు. ఒక విద్యార్థిని వరసగా నాలుగు రోజులు గేటు మూశాక వచ్చింది. రిజిస్టర్‌లో నాలుగు ఎర్రగీతలు పడ్డాయి. నిబంధన ప్రకారం ఇంటికి ఉత్తరం వెళ్ళాలి. నేనే రాశాను, ఎంతో మర్యాదగా, 'మీ అమ్మాయి క్షేమం దృష్ట్యా' అని మొదలుపెట్టి. వారం తిరక్కుండా తండ్రీ మేనమామా వచ్చి పెట్టె సర్దించి తీసుకుపోయారు. మెస్ బకాయి కట్టడానికి ఆ పిల్ల సాయంత్రాలు స్టేషన్ దగ్గర ఒక మందుల షాపులో లెక్కలు రాస్తోందని తర్వాత ఆమె రూమ్మేట్ చెప్పింది. వేసవిలో పెళ్ళి చేశారని విన్నాను. పరీక్షలు రాసిందో లేదో కనుక్కోలేదు. కనుక్కునే ధైర్యం లేకపోయింది.

ఆ ఉత్తరంలో ఒక్క అబద్ధం లేదు. నేను చెయ్యకుండా వదిలేసింది ఒకటే: ఎందుకు ఆలస్యమవుతోందని ఆ అమ్మాయిని అడగలేదు.

మన విద్యాసంస్థల్లో విద్యార్థికి రెండు ఫైళ్ళుంటాయి. ఒకటి 'ప్రవర్తన', అది ప్రోక్టర్ దగ్గరో వార్డెన్ దగ్గరో ఉంటుంది. రెండోది 'సంక్షేమం', అది కౌన్సెలర్ అనే మనిషి ఉంటే ఆమె దగ్గర, లేకపోతే ఎవరి దగ్గరా ఉండదు. మనిషి మాత్రం ఒకటే. మొదటి ఫైలు మీద సంతకం పెట్టేవారు రెండో ఫైలు తెరిచి చూడరు. పైగా 'ప్రవర్తన' అనే మాట అందరికీ ఒకే అర్థంలో వాడరు. ఆడపిల్లల విషయంలో అది గేటు, సెల్‌ఫోను, ఎవరితో మాట్లాడింది అన్నవాటి చుట్టూ తిరుగుతుంది. దళిత, ఆదివాసీ, ముస్లిం విద్యార్థుల విషయంలో ఎదురు ప్రశ్నించడమే ప్రవర్తనా దోషమవుతుంది.

మా సమావేశం జరిగిన చోటికి కూతవేటు దూరంలో ఉన్న ఇఫ్లూలో 2013 మార్చిలో జరిగింది చూడండి. కశ్మీర్ నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థికీ అతని స్నేహితుడికీ మధ్య గొడవ వచ్చింది. వ్యవహారం యూనివర్సిటీ గోడల లోపల తేలలేదు, ప్రోక్టర్ ద్వారా ఉస్మానియా యూనివర్సిటీ పోలీసు స్టేషన్ దాకా వెళ్ళింది. పోలీసులు మాట్లాడి పంపేశారు. ఆ మర్నాడే ఆ విద్యార్థి ఆత్మహత్య చేసుకున్నాడు. ఒక మనిషి మరణానికి ఒకే కారణం ఉంటుందని నేననను. కానీ ఊరుగాని ఊరిలో, ఆ రాత్రి, అతనితో ఒక అధ్యాపకుడు కూర్చుని మాట్లాడి ఉండవలసిందన్న ఆలోచన నన్ను వదలదు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సంగతి ఇంకా పాతది. 2008లో భౌతికశాస్త్ర విభాగంలో పరిశోధన చేస్తున్న దళిత విద్యార్థి సెంథిల్ కుమార్ చనిపోయినప్పుడు, గైడు కేటాయింపు, ఫెలోషిప్ ఆగిపోవడం అనే రెండు విషయాలు బయటికొచ్చాయి. 2015 డిసెంబరులో రోహిత్ వేములతో సహా అయిదుగురు దళిత పరిశోధకులను హాస్టల్ నుంచి పంపేశారు. వారు ఆవరణలోనే 'వెలివాడ' వేసుకుని చలిలో పడుకున్నారు. అప్పటికే రోహిత్‌కి నెలల తరబడి ఫెలోషిప్ డబ్బు అందడం లేదు. 2016 జనవరి 17న అతను చనిపోయాడు. ఒక కుట్టుపని చేసుకునే తల్లి కొడుకుకి హాస్టల్ గదీ, ఫెలోషిప్పూ అంటే ఇల్లూ కూడూ. క్రమశిక్షణా చర్య అనే పేరుతో మనం వాటినే తీసేస్తాం, కాగితం మీద మాత్రం 'సస్పెన్షన్' అని రాసుకుంటాం.

దీనర్థం ఎవరు ఏం చేసినా ఊరుకోమని కాదు. 2015 జులైలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం విద్యార్థిని రిషితేశ్వరి చనిపోయింది. ప్రభుత్వం వేసిన బాలసుబ్రహ్మణ్యం కమిటీ ర్యాగింగ్‌నీ, కళాశాల నిర్లక్ష్యాన్నీ ఎత్తిచూపింది. అక్కడ జరిగింది ఊరుకోవడమే. ఫిర్యాదు అందినా చర్య తీసుకోని సంస్థాధిపతి నేరానికి తోడ్పడినట్టేనని మన రాష్ట్ర ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచీ చెబుతూనే ఉంది. 2024లో గుంటూరు కోర్టు నిందితుల మీద కేసు కొట్టేసింది. ఆ తల్లిదండ్రులు తొమ్మిదేళ్ళు తిరిగారు. సీనియర్ల ఆగడం కనబడినప్పుడు 'పిల్లలు, సర్దుకుంటారులే' అనే అధ్యాపకులే, ఆడపిల్ల పది నిమిషాలు ఆలస్యమైతే సర్క్యులర్ తీస్తారు.

లైంగిక వేధింపు ఫిర్యాదు వస్తే అది మన గదిలో రాజీ చేసే వ్యవహారం కాదు. దాన్ని రాతపూర్వకంగా అంతర్గత కమిటీకి చేర్చడానికి ఆ అమ్మాయికి సాయపడాలి. 2013 చట్టం ఇచ్చిన గడువు మూడు నెలలే, తగిన కారణం ఉంటే ఇంకో మూడు. 'ముందు చదువు మీద దృష్టి పెట్టమ్మా' అని మనం ఓదార్చే లోపల ఆ గడువు దాటిపోతుంది. యూజీసీ 2013లో వేసిన 'సక్షమ్' నివేదిక, భద్రత పేరు చెప్పి హాస్టల్లో ఆడపిల్లలకు వేరే ఆంక్షలు పెట్టరాదని స్పష్టంగా అన్నది. మన గేట్లకు ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

ఇక అధ్యాపకుల మాట. "మేం పాఠం చెప్పడానికి వచ్చాం, సైకాలజిస్టులమా?" అంటారు. అన్యాయమైన ప్రశ్న కాదు. చాలా చోట్ల పాఠం చెబుతున్నది కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులు. వచ్చే ఏడాది తమ ఉద్యోగం ఉంటుందో లేదో తెలియనివారు ప్రిన్సిపాల్ మాట కాదంటారా? ఇంకోటి, ఏ కాలేజీలోనైనా ఈ పని చివరికి ఆడవాళ్ళ మీదే పడుతుంది. 'అమ్మాయిల విషయం కదా, మేడమ్ చూసుకుంటారు' అని మగ సహోద్యోగులు ఇంటికెళ్ళిపోతారు. దానికి జీతమూ ఉండదు, పనిభారంలో లెక్కా ఉండదు.

విశాఖపట్నంలో 2023లో నీట్ శిక్షణలో ఉన్న ఒక బాలిక మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో పదిహేను మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి, సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. అడిగి సాధించుకోవలసినవే. కానీ విన్నదంతా ప్రిన్సిపాల్‌కి నివేదించే కౌన్సెలర్ దగ్గర ఏ విద్యార్థి నోరు విప్పుతుంది?

కాబట్టి అధ్యాపకులు ఇవాళే చేయగలిగినది ఒకటుంది. ఎవరికైనా రాసే ముందు విద్యార్థిని అడగాలి. స్టాఫ్‌రూములో పదిమంది ముందు కాదు. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టకూడదు, ఎవరికి చెప్పవలసి వస్తుందో ముందే చెప్పాలి. ఇంటికి కబురు పెట్టక తప్పకపోతే ఎవరికి పెట్టమంటావని ఆమెనే అడగాలి. అది తండ్రే కానక్కర్లేదు, పిన్ని కావచ్చు, పెళ్ళయిన అక్క కావచ్చు. విచారణ తేలేదాకా గదీ, భోజనమూ, ఫెలోషిప్పూ ఆగకూడదు. చనిపోవాలనుందన్న మాట వినబడితే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా ఆ పిల్లని ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. టెలి మానస్ 14416కి ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. మన సికింద్రాబాద్‌లోనే రోష్ని వాలంటీర్లు 1997 నుంచీ ఈ పని చేస్తున్నారు. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించరాదు అని 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ అంటుంది. హాస్టల్ పేరు చెడిపోతుందని అలాంటి అమ్మాయిని ఖాళీ చేయించే వార్డెన్లకు ఈ సెక్షన్ చదివి వినిపించండి.

ఆ అధ్యాపకురాలికి ఆ రోజు నేను నా ఉత్తరం సంగతి చెప్పాను. ఆమె వెళ్ళి అమ్మాయితో మాట్లాడారు. తల్లి గాంధీ ఆసుపత్రిలో ఉంది, రాత్రుళ్ళు దగ్గరుండేది ఈ పిల్లే. తండ్రి లేడు. కాలేజీ రికార్డులో గార్డియన్‌గా ఉన్నది పెదనాన్న. చదువు మానిపించమని ఏడాదిగా పోరుతున్నాడట. అధ్యాపకురాలు ఉత్తరం పంపలేదు. సర్క్యులర్ పాటించనందుకు ఇప్పుడు ఆమెకే మెమో ఇచ్చారు. సంజాయిషీకి పదిహేను రోజుల గడువు. వచ్చే ఆదివారం మా ఆఫీసులో కూర్చుని ఆ జవాబు రాయబోతున్నాం. ఇటువంటి మెమోలకు మీలో ఎవరైనా జవాబు రాసి ఉంటే దాని నకలు పంపండి, పేర్లు తీసేసి వచ్చే సంచికలో వేస్తాం.