మూగజీవుల సాక్ష్యం

చిన్నయసూరి నీతిచంద్రికలో కాకి, ఎలుక, తాబేలు, లేడి పండితులవలె సంభాషిస్తాయి. భారతంలోని శిబి కథలో పావురం అభయం కోరుతుంది. డేగ తన ఆకలిని న్యాయసమ్మతంగా వాదించి రాజును త్రాసు దాకా తీసుకొని వస్తుంది. ఈ కథలలో ప్రాణికి ఏమి కావాలో తెలుసుకోవడానికి ఎవరికీ ప్రయాస లేదు. అదే నోరు విప్పి చెబుతుంది. లోకంలో ఆ సౌలభ్యం లేదు. పశువును చూసి జాలిపడే మనిషి దానికి ఏది సుఖమో, ఏది దుఃఖమో తానే ఊహించి, తన ఊహనే దాని మాటగా ప్రకటిస్తాడు. అతని హృదయం మంచిదే కావచ్చు; సాక్ష్యం మాత్రం అతనిదే, పశువుది కాదు. ఈ లోటును పూరించడానికి పుట్టినదే జంతు సంక్షేమ శాస్త్రం. కరుణ ఉన్నచోట కొలతలతో పని ఏమిటని అడిగేవారు, ఈ శాస్త్రపు తొలినాళ్ళలో జరిగిన ఒక సంగతిని తెలుసుకోవలసి ఉన్నది.

1964లో బ్రిటన్‌లో రూత్ హారిసన్ అనే రచయిత్రి 'యానిమల్ మెషీన్స్' అనే గ్రంథం ప్రకటించారు. పశుపక్ష్యాదులను యంత్రాలవలె చూస్తూ, కోళ్ళను ఇరుకైన తీగ పంజరాలలోను, దూడలను మసలే వీలులేని కొట్టాలలోను పెంచే కొత్త పద్ధతులను ఆమె ప్రజల కళ్ళకు కట్టించారు. దేశమంతటా కలవరం పుట్టింది. ప్రభుత్వం జంతుశాస్త్ర ఆచార్యుడు రోజర్స్ బ్రాంబెల్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. లేచి నిలబడడానికి, పడుకోవడానికి, వెనుకకు తిరగడానికి, ఒళ్ళు శుభ్రం చేసుకోవడానికి, కాళ్ళూ రెక్కలూ చాపుకోవడానికి తగిన చోటు ప్రతి ప్రాణికీ ఉండాలని 1965లో ఆ సంఘం నివేదించింది. తరువాతి కాలంలో ప్రపంచమంతటా ప్రచారం పొందిన 'ఐదు స్వేచ్ఛలు' అనే సూత్రాలకు ఇదే మూలం.

ఆ నివేదికలోనే పంజరం అడుగుభాగాన్ని గురించి ఒక సిఫారసు ఉన్నది. షట్కోణాకారపు కన్నులు గల సన్నని తీగవల కోడి పాదాలకు బాధ కలిగిస్తుంది కాబట్టి దానిని వాడరాదని, లావు తీగల అల్లిక మేలని సంఘం భావించింది. సభ్యులు విద్వాంసులు, దయ గలవారు. పంజరాన్ని చూసిన ఎవరికైనా అట్లాగే తోస్తుంది. 1973లో హ్యూస్, బ్లాక్ అనే ఇద్దరు పరిశోధకులు అదే ప్రశ్నను కోళ్ళకు వేశారు. వేరువేరు రకాల అడుగులు గల పంజరాల నడుమ కోళ్ళు ఇచ్ఛానుసారం తిరిగే ఏర్పాటు చేసి, ఏ అడుగుపై ఎంతసేపు నిలుస్తున్నాయో లెక్కించారు. సంఘం వద్దన్న సన్నని వలనే కోళ్ళు ఎక్కువగా కోరుకున్నాయి! ఆ వల కన్నులు చిన్నవి కాబట్టి పాదానికి ఎక్కువ చోట్ల ఆధారం దొరుకుతుంది. మనిషి కంటికి సన్నని తీగ కోతగా కనిపించింది; కోడి పాదానికి అది ఊతగా తోచింది. సంఘం చేసిన తక్కిన సిఫారసుల విలువ దీనివల్ల తగ్గదు. అయితే దయ ఎంత గొప్పదైనా అది సరియైన దిక్కున పోతున్నదో లేదో చెప్పగల శక్తి దయకు లేదని ఈ చిన్న ప్రయోగం తేల్చింది.

అయితే కోరినదల్లా మేలు చేస్తుందా? ఈ శంక సమంజసమైనదే. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞురాలు మేరియన్ డాకిన్స్ 1977లో ప్రకటించిన పరిశోధన దీనికి చక్కని ఉదాహరణ. పంజరం ఒకవైపు, ఆరుబయలు ఒకవైపు ఉంచి ఎంచుకోమంటే, అంతవరకు పంజరంలోనే పెరిగిన కోళ్ళు మొదట పంజరంలోకే నడిచాయి. అక్కడితో పరీక్ష ఆపి ఉంటే, పంజరమే కోడికి ఇష్టమని వ్యాపారులు చాటింపు వేయించేవారు. ఆరుబయలు రుచి కొంత తెలిసిన తరువాత అవే కోళ్ళు బయటికే మొగ్గు చూపాయి. ఎరిగినదానినే ఎంచుకోవడం కోళ్ళకు మాత్రమే ఉన్న గుణం కాదు కదా!

అందువల్ల ఏది కోరుతున్నదన్న ప్రశ్నతో పాటు ఎంత గాఢంగా కోరుతున్నదన్న ప్రశ్న కూడా శాస్త్రజ్ఞులు వేయసాగారు. నీటి ఒడ్డున వేటాడే స్వభావం గల మింక్ అనే చిన్న జంతువును బొచ్చు కోసం తరతరాలుగా పంజరాలలో పెంచుతున్నారు. దానికి నీటితో పని లేదని పెంపకందార్ల వాదన. 2001లో జార్జియా మేసన్ బృందం ఆటవస్తువులు, ఎత్తైన అరుగు, అదనపు గూడు, నీటి మడుగు మొదలైన వాటిని వేరువేరు గదులలో ఉంచి, తలుపులకు బరువులు కట్టింది. క్రమంగా బరువు పెంచినా మింకులు మడుగు తలుపును తోయడం మానలేదు. మడుగు మూసివేసిన నాడు వాటి మూత్రంలో ఒత్తిడిని సూచించే హార్మోను, ఆహారం లేని నాటికి దీటుగా పెరిగింది. గుడ్డు పెట్టే వేళ సమీపించిన కోడి కూడా గూటిని చేరడానికి బరువైన తలుపును తోస్తుంది. తలుపు బరువే ఇక్కడ త్రాసు.

నొప్పిని కూడా ఈ విధంగానే విచారించారు. మాంసం కోసం పెంచే బ్రాయిలర్ కోడి ఆరు వారాలలో రెండు కిలోలకు పైగా తూగుతుంది. ఆ బరువును మోయలేక కుంటేవి ఎన్నో. అవి అలవాటుగా కుంటుతున్నాయా, బాధతో కుంటుతున్నాయా? 2000లో వెలువడిన ఒక బ్రిటిష్ పరిశోధనలో రెండు రంగుల దాణా పెట్టి, ఒకదానిలో నొప్పి తగ్గించే మందు కలిపారు. కుంటి కోళ్ళు మందు దాణాను ఎక్కువగా తిన్నాయి. కుంటు ముదిరిన కొద్దీ ఇంకా ఎక్కువగా తిన్నాయి. ఇంతకంటె స్పష్టమైన వాఙ్మూలం న్యాయస్థానంలో కూడా అరుదు. జంతువును తాకకుండా దాని కష్టాన్ని తెలుసుకొనే మార్గాలు కూడా ఏర్పడ్డాయి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి చెందిన ల్యాకోన్స్ శాస్త్రజ్ఞులు కన్హా, బాంధవ్‌గఢ్ పులుల మలంలో ఒత్తిడి హార్మోనుల జాడలను పరీక్షించి, పర్యాటకులు వచ్చే కాలంలో ఆ ఒత్తిడి అధికమని 2019లో ప్రకటించారు.

ఇన్ని ప్రయోగాలు ఎందుకు, కోడి గుడ్లు బాగా పెడుతున్నదంటే సుఖంగా ఉన్నట్లే కదా అని ఒక వాదం తరచు వినిపిస్తుంది. వినడానికి ఇంపుగానే ఉంటుంది గాని ఇది నిలిచే వాదం కాదు. ఏడాదికి మూడువందల గుడ్లు పెట్టేటట్లు తరతరాలుగా ఏరి కూర్చిన జాతి అది. పెంకుకు కావలసిన సున్నం దాణాలో చాలకపోతే తన ఎముకలనుండి తీసి ఇస్తుంది. ఎముకలు పెళుసెక్కి విరిగినా గుడ్డు ఆగకపోవచ్చు. దిగుబడి యజమాని లాభాన్ని కొలుస్తుంది. కోడి సుఖాన్ని కాదు.

ఈ విషయం తెలుగువారికి దూరపుది కాదు. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలో ముందు వరుసలో ఉన్నాయి. విద్యార్థి వ్రాసుకొనే ఏ-4 కాగితం వైశాల్యం సుమారు 624 చదరపు సెంటీమీటర్లు. ఐరోపాలో 1980 దశకంలో ఒక్కొక్క కోడికి విధించిన కనీస స్థలం 450. ఆ కాగితం కంటె చిన్న చోటులో జీవితమంతా గడపడం కనీస మర్యాదగా చెల్లిన కాలమది. 2012 జనవరి 1 నుండి ఐరోపా సమాఖ్య అటువంటి పంజరాలను నిషేధించింది. మన దేశంలో 1960 నాటి జంతు హింసా నివారణ చట్టమే, కదలడానికి తగిన చోటులేని పంజరంలో ప్రాణిని ఉంచడం నేరమని చెప్పింది. ఆ చట్టం రావడానికి రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ చేసిన కృషి చిరస్మరణీయం. మొదటి నేరానికి చట్టం నిర్ణయించిన జరిమానా మాత్రం పది రూపాయలు మొదలు యాభై రూపాయల వరకే. ఆ సొమ్ముకు ఈనాడు డజను గుడ్లు కూడా రావు.

రైతు పక్షాన చెప్పవలసినది కూడా ఉన్నది. బడిలో మధ్యాహ్న భోజనంతో పిల్లవానికి అందే గుడ్డు చౌకగా ఉండడం సామాన్య విషయం కాదు. గూడు, కూర్చునే కొయ్య, కాళ్ళతో గీరుకొనే పొడినేల ఏర్పరచడానికి ఖర్చవుతుంది. దాణా ధరలకు, వ్యాధులకు బెదిరే చిన్న పెంపకందారుపై ఆ ఖర్చంతా మోపి, కొనేవారు నిశ్చింతగా ఉండడం అన్యాయం. కాబట్టి పరిమిత ధనంతో మొదట ఏ మార్పు చేయాలన్నది ముఖ్యమైన ప్రశ్న. దీనికి బ్రిటన్ ప్రయోగాలు పూర్తి సమాధానం ఇవ్వలేవు. అక్కడి కోడికి మే నెలలో నలభై అయిదు డిగ్రీల ఎండ తెలియదు. ఇక్కడి షెడ్లలో ఆ నెలలో కోళ్ళు ముక్కు తెరచి, రెక్కలు ఎడంగా ఉంచి రొప్పుతాయి. కొన్ని ప్రాణాలు విడుస్తాయి. ఆ వేళ కోడికి విశాలమైన చోటు ముందు కావాలా, చల్లని గాలి ముందు కావాలా? తిరుపతిలోను, హైదరాబాదులోను పశువైద్య విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. రెండు గదులు, రెండు తలుపులు, కొన్ని బరువులు, ఒక వేసవి కాలం చాలు, ఆ ప్రశ్నను కోడినే అడగడానికి.