పరిశుభ్రతకూ ఒక పరదా ఉన్నది

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకటి రాయలసీమలోని ఒక పట్టణం నుండి ఒక తల్లి వ్రాసినది. ఆమె కుమార్తె నికాహ్ షవ్వాల్ నెలకు నిశ్చయమైనది. వరుని తరఫువారు పెళ్లికూతురి అలంకరణ కోసం ఒక బ్యూటీ పార్లర్‌లో ముందుగానే డబ్బు కట్టారు. అందులో ముఖానికి పూతలు, మెహందీతో పాటు ఒళ్లంతా వ్యాక్స్ చేయించడం కూడా ఉన్నది. అమ్మాయి మిగిలినవన్నీ ఒప్పుకొని, ఆ ఒక్కటి మాత్రం చేయించుకోనని పట్టుబట్టినది. "చేసేది ఆడవారే కదా, తలుపు మూసే చేస్తారు కదా అని ఎంత నచ్చజెప్పినా వినడం లేదు. శుభ్రత మన ధర్మం కాదా? వియ్యపురాలికి మేమేమి సమాధానం చెప్పుకోవాలి? ఆపా, మీరైనా దానికి నాలుగు మాటలు చెప్పండి" అని ఆ తల్లి కోరినది.

చెప్పవలసిన నాలుగు మాటలు ఉన్నవి. అయితే అవి ముందుగా తల్లికే చెప్పవలసి ఉన్నది.

అంతకంటే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం మదరసాలో తహారత్ పాఠం నడుస్తుండగా ఒక విద్యార్థిని లేచి, రోమాలు తీయడానికి వ్యాక్స్ వాడవచ్చా అని అడిగినది. తరగతిలో ముసిముసి నవ్వులు మొదలయ్యాయి. మేము "జాయిజ్" అని ఒక్క మాట అని పుట తిప్పేశాము. పాఠం పరిశుభ్రత గురించే అయినా, సిగ్గు మాకే అడ్డు వచ్చినది. కొద్ది రోజులకు ఆ అమ్మాయి మోచేతి కింద కాలిన మచ్చ కనిపించినది. ఇంట్లో ఎవరికీ తెలియకుండా మైనం కాచుకొని పూసుకున్నదట. చర్మానికి అంటుకుపోయిన ముక్కలు ఊడిరాక, వాటిమీదనే వుజూ చేసుకొని రెండు రోజులు నమాజులు చదివినదట. ఎవరినైనా అడగకపోయావా అంటే, "మీరు జాయిజ్ అన్నారు కదా ఆపా" అన్నది. ఆ నాటి నుండి ఈ పాఠాన్ని మేము ఒక్క మాటతో ముగించడం లేదు.

దేహంలోని అనవసర రోమాలను తొలగించడం మన ధర్మంలో అలంకారం కంటే ముందు పరిశుభ్రత. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఐదు విషయాలను ఫిత్రత్‌కు, అనగా మానవ సహజ స్వభావానికి చెందినవిగా పేర్కొన్నారు: సున్తీ, నాభి కింది రోమాలు తీయడం, మీసాలు కత్తిరించడం, గోళ్లు తీయడం, చంకలలోని రోమాలు తొలగించడం. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. ఇందుకు గడువు కూడా ఉన్నది. 40 రోజులకు మించి వదిలివేయరాదని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం తెలుపుతున్నది. ఇది ఆడవారికి ఎంతో మగవారికీ అంతే. భార్య చేతుల నున్నదనం గురించి మాట్లాడే భర్త, తన 40 రోజులను లెక్క చూసుకుంటున్నాడా అని ముందుగా ప్రశ్నించుకోవాలి.

ఇక పద్ధతి సంగతి. హదీసులో చంకలకు పీకడం, నాభి కిందికి గొరగడం ప్రస్తావించబడినవి. అయితే ముఖ్యోద్దేశం శుభ్రపడడమే గనుక, ఏ సాధనంతో తీసినా ధర్మాదేశం నెరవేరుతుందని ధర్మవేత్తలు అన్నారు. పూర్వకాలపు స్నానశాలలలో సున్నం కలిపిన 'నూరా' అనే పూత వాడేవారు. ఫిఖ్‌హ్ గ్రంథాలు దానిని అనుమతించాయి. నేటి క్రీములు, మైనం పట్టీలు ఆ కోవలోనివే. ఈజిప్టు స్త్రీలు చక్కెర, నిమ్మరసం, నీరు కలిపి పాకంపట్టి, 'హలావా' అనే పేరుతో ఇదే పని ఇళ్లలో చేసుకుంటారు.

ఈ విషయంలో ఇమామ్ షాఫయీ (రహ్మతుల్లాహి అలైహి) వృత్తాంతం మాకు ఎంతో ఇష్టం. ఒక శిష్యుడు వచ్చేసరికి క్షురకుడు ఆయన చంకలు గొరుగుతున్నాడట. పీకడమే సున్నత్ అని తనకు తెలుసుననీ, కాని ఆ నొప్పిని తాను ఓర్చుకోలేననీ ఇమామ్ స్వయంగా చెప్పుకున్నారు. ఇమామ్ నవవీ దీనిని ముస్లిం హదీసు గ్రంథ వ్యాఖ్యానంలో పొందుపరిచారు. అంతటి మహానుభావుడే నొప్పి భరించలేనని సంకోచం లేకుండా చెప్పుకున్నప్పుడు, వ్యాక్స్ నొప్పికి జడిసే ఆడపిల్లను "సుకుమారి" అని ఎగతాళి చేయడం మనకు తగునా?

చేతుల మీద, పిక్కల మీద ఉండే రోమాల గురించి షరీఅత్ ఆజ్ఞాపించనూ లేదు, నిషేధించనూ లేదు. తీసుకోదలచిన స్త్రీ తీసుకోవచ్చు. తీయకపోతే పాపమూ లేదు, లోపమూ లేదు. ముఖం సంగతి వేరు. కనుబొమలను పీకి సన్నగా తీర్చుకునేవారిని, తీర్చేవారిని మహాప్రవక్త (స) శపించినట్లు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించారు. కనుక పార్లర్‌లో "దీనితో పాటు అది కూడా" అన్నప్పుడు జాగ్రత్త వహించాలి. స్త్రీకి మీసంగానీ గడ్డంగానీ మొలిస్తే తీసివేయడం మంచిదని ఇమామ్ నవవీ, హనఫీ ధర్మవేత్త ఇబ్నె ఆబిదీన్ వంటివారు అన్నారు. అటువంటి సోదరీమణులు అపరాధ భావంతో కుమిలిపోనవసరం లేదు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వద్దాము. "చేసేది ఆడవారే కదా" అన్న మాటలోనే పొరపాటు ఉన్నది. పురుషుడు పురుషుని సతర్‌ను, స్త్రీ స్త్రీ సతర్‌ను చూడరాదని హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన హదీసు స్పష్టం చేస్తున్నది. స్త్రీ ఎదుట స్త్రీకి నాభి నుండి మోకాళ్ల వరకు సతర్ అని అధిక సంఖ్యాక ధర్మవేత్తల నిర్ణయం. చూడడమే తగనప్పుడు తాకడం ఎలా తగును? చికిత్స వంటి అత్యవసరం వేరు. అక్కడ కూడా అవసరమైనంత మేరకే. పెళ్లి అలంకరణ అటువంటి అత్యవసరం కాదు. ఆ భాగాన్ని ఎవరికి వారు ఏకాంతంలో శుభ్రం చేసుకోవాలి. రేజరు, క్రీము, ఏది వీలైతే అది. తల్లికి గానీ అక్కకు గానీ ఇందులో మినహాయింపు లేదు. దంపతుల మధ్య మాత్రమే ఈ పరదా లేదు. ఇక చేతులకు, మోకాలి కింది భాగానికి మరో స్త్రీ చేత వ్యాక్స్ చేయించుకోవలసివస్తే, పురుషులు రాని గది అయి ఉండాలి, కెమెరా ఉండరాదు, మిగిలిన దేహం కప్పి ఉండాలి.

కనుక అమ్మా, మీ అమ్మాయి మొండిపట్టు పట్టలేదు. మీరు ఆమెకు చిన్ననాట నేర్పిన హయానే ఈ రోజు ఆమె మీ ఎదుట నిలబెట్టుకుంటున్నది. శుభ్రత ధర్మమే. హయా విశ్వాసంలో ఒక శాఖ అని కూడా మహాప్రవక్త (స) బోధించారు. శుభ్రతను ఏకాంతంలో నెరవేర్చుకునే మార్గం ఉండగా, రెండవదానిని పోగొట్టుకొని మొదటిదానిని సాధించవలసిన అగత్యం లేదు.

ఇంట్లో చేసుకునే సోదరీమణులకు, ఆ నాడు మేము మా విద్యార్థినికి చెప్పకుండా వదిలివేసినవి ఇప్పుడు చెబుతున్నాము. మైనం వేడిని ముందుగా మణికట్టు మీద చిన్న చుక్కతో పరీక్షించుకోవాలి. రోమాలు మొలిచిన దిశలో పూసి, దానికి ఎదురు దిశలో లాగాలి. పుండ్లు, దద్దుర్లు, ఉబ్బిన నరాలు ఉన్న చోట పూయరాదు. మధుమేహం ఉన్నవారు, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడేవారు వైద్యుని అడగకుండా ఈ పనికి పూనుకోరాదు. ఆ మాత్రలు ఆపిన తరువాత కూడా కనీసం 6 నెలలు వ్యాక్స్ వద్దని వైద్యులు హెచ్చరిస్తారు. చర్మం పొరగా ఊడివచ్చే ప్రమాదం ఉన్నది.

చర్మం మీద మైనం అంటుకొని ఉంటే నీరు లోపలికి చేరదు. వుజూ గానీ గుస్ల్ గానీ పూర్తి కాదు. చక్కెర పాకం గోరువెచ్చని నీటికి కరిగిపోతుంది. బంక కలిసిన మైనం నీటికి కరగదు. కొబ్బరినూనె రాసి తుడిచి, సబ్బుతో కడగాలి. రోమాలు తీసినంత మాత్రాన వుజూ భంగం కాదు. సూదిమొన అంత రక్తం కనిపించి అక్కడే ఆగిపోతే హనఫీల ప్రకారం కూడా వుజూ నిలుస్తుంది. ఉన్నచోటు దాటి ప్రవహిస్తే తిరిగి చేసుకోవాలి. ఉపవాసానికి దీనివలన భంగం లేదు. బహిష్టు రోజులలో రోమాలు, గోళ్లు తీయరాదన్న మాట మన ఇళ్లలో వినిపిస్తుంది. దానికి ప్రామాణిక ఆధారం లేదు. ఇహ్రామ్‌లో ఉన్నవారు మాత్రం ఒక్క రోమాన్నీ తీయరాదు. ఖుర్బానీ ఇవ్వదలచినవారు జిల్‌హజ్ నెలవంక కనిపించినది మొదలు ఖుర్బానీ వరకు ఆగాలని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖనం. కనుక 40 రోజుల గడువు ఆలోగా దాటిపోకుండా, నెల ప్రవేశించకముందే శుభ్రం చేసుకోవాలి. వాడిన పట్టీలను అందరి కంట పడేలా పారవేయక, కాగితంలో చుట్టి పడవేయడం మర్యాద.

ఇక వియ్యపురాలికి ఏమి చెప్పాలన్నది మిగిలినది. దాచి చెప్పవద్దు, తగవూ పడవద్దు. "మీరు ప్రేమతో చేసిన ఏర్పాటుకు అల్లాహ్ మీకు మేలు చేయుగాక. మెహందీ సంతోషంగా పెట్టించుకుంటాము. ఒంటి శుభ్రత మాత్రం మా అమ్మాయి ఇంట్లోనే చూసుకుంటుంది" అని నెమ్మదిగా చెప్పండి. అర్థం చేసుకునే కుటుంబమైతే ఆ మాటతో కోడలి మీద గౌరవం పెరుగుతుంది. ఒకవేళ ముఖం ముడుచుకున్నా, ఆ మాట చెప్పే భారం అమ్మాయి మీద వేయకండి; తల్లిగా మీరే మోయండి. కొత్త ఇంటికి వెళ్లేనాటికి, తన సిగ్గును తన తల్లి కాపాడినదన్న ధైర్యం ఆ బిడ్డ వెంట ఉండాలి.

ఈ ఉత్తరం చదివే తల్లులందరికీ ఒక విన్నపం. ఆడపిల్ల ఎదిగిననాడే ఈ విషయాలు ఆమెకు మీ నోటనే చెప్పండి. అన్సారీ స్త్రీలను వారి సిగ్గు ధర్మజ్ఞానం పొందకుండా ఆపలేదని హజ్రత్ ఆయిషా (రజి) వారిని ప్రశంసించారు. మేము పుట తిప్పేసినట్లు మీరు తిప్పకండి. అల్లాహ్ మన ఇళ్లకు పరిశుభ్రతను, మన బిడ్డలకు హయాను ప్రసాదించుగాక. ఆమీన్.