ఆ సూది వద్దు, తమ్ముళ్లూ

బరువులెత్తండి. ఎవరూ కాదనరు. వారానికి రెండు మూడు రోజులు పద్ధతిగా బరువులెత్తితే రక్తపోటు, చక్కెర అదుపులో ఉంటాయి, రక్తనాళాలు బాగుంటాయి. అంగస్తంభనకు కావలసిందీ ఆ మంచి రక్తప్రసరణే. మా భయమల్లా జిమ్‌లో చాటుగా చేతులు మారే సూది గురించి. ఏడాదికి రావలసిన కండ రెండు నెలల్లో వస్తుందని ఆశపెట్టే సూది గురించి.

ఆ సూదుల్లో ఉండేవి టెస్టోస్టిరాన్, నాండ్రోలోన్, స్టానోజోలోల్ వంటి హార్మోన్లు. వీటిని వాడటాన్ని కుర్రాళ్లు ‘సైకిల్ వేయడం’ అంటున్నారు. లోపల జరిగేది వినండి. హార్మోన్ బయటి నుంచి వచ్చిపడుతుంటే, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వృషణాలకు కబురు పంపడం మానేస్తుంది. పనిలేక వృషణాలు కుంచించుకుపోతాయి. వీర్యకణాల తయారీ పడిపోతుంది. వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ మగవాళ్లకు గర్భనిరోధకంగా పరీక్షించి చూసింది. ఆ ఫలితాలు 1990లో వచ్చాయి. ఆరోగ్యవంతులైన మగవాళ్లలో సగానికి పైగా మందికి వీర్యంలో ఒక్క కణం కూడా మిగల్లేదు. సైకిల్ వేసేవాళ్లలో చాలామంది పొడిపించుకునేది అంతకన్నా ఎక్కువే. పిల్లలు పుట్టకుండా ఆపడానికి పరీక్షించిన మందును మగతనం పెరుగుతుందని నమ్మి ఎక్కించుకుంటున్నారు నాయనా!

తర్వాత పెళ్లవుతుంది. రెండేళ్లయినా పిల్లలుండరు. మన ఇళ్లలో మొదట ఎవరిని ఆస్పత్రికి తీసుకెళతారో మీకు తెలుసు. ఆ అమ్మాయి స్కానింగుల చుట్టూ, మొక్కుల చుట్టూ తిరుగుతుంటే, కారణం తెలిసిన మనిషి పక్కనే నోరు మెదపకుండా కూర్చుంటాడు. దయచేసి అలా కూర్చోకండి. వీర్య పరీక్ష చిన్నది, చవకైనది.

ఇంకో ఉచ్చు ఉంది. సూది వాడుతున్నన్నాళ్లూ కోరిక ఎక్కువగానే ఉంటుంది. ఆపాకే అసలు కష్టం. సొంత హార్మోన్ ఇంకా మేలుకోదు. కోరిక చస్తుంది, స్తంభన ఉండదు, దిగులు కమ్ముతుంది. ఆ భయంతోనే మళ్లీ సూది పట్టేవాళ్లున్నారు. వైద్యుడి సాయంతో ఓపిక పడితే చాలామంది కోలుకుంటారు, కానీ నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లు.

రక్తం సంగతి ఇంకా కలవరపెడుతుంది. ఈ మందులతో ఎర్రకణాలు పెరిగి రక్తం చిక్కబడుతుంది. మంచి కొలెస్టరాల్ పడిపోతుంది. గుండె గోడలు మందమవుతాయి. అసలే ఊపిరి బిగబట్టి పెద్ద బరువు నెట్టేటప్పుడు రక్తపోటు ఆకాశానికెక్కుతుంది. 1985లో కెనడా పరిశోధకులు లెగ్‌ప్రెస్ చేస్తున్న బాడీబిల్డర్ల ధమనిలోనే కొలిస్తే సగటున 320/250 తేలింది. ఆరోగ్యమైన నాళాలు ఆ క్షణాన్ని ఓర్చుకుంటాయి. చిక్కటి రక్తం, మందమెక్కిన గుండె ఓర్చుకుంటాయని ఏ ట్రైనరు హామీ ఇవ్వగలడు? దానిమీద మెఫెంటర్మిన్ కూడా. ఆపరేషన్ బల్లమీద మత్తు వల్ల పడిపోయిన రక్తపోటును లేపే ఇంజెక్షన్ అది. హైదరాబాద్‌లో జిమ్‌ల కోసం దాన్ని దొంగచాటుగా అమ్ముతూ పట్టుబడ్డవాళ్లున్నారు. ‘పంప్’ కోసమని, అంటే కండలు ఉబ్బి కనిపించాలని, స్తంభనకు వాడే సిల్డెనాఫిల్ మాత్ర మింగేవాళ్లూ ఉన్నారు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ దానికి తోడైతే రక్తపోటు ఒక్కసారిగా కూలి ప్రాణమే పోవచ్చు.

రొమ్ముల కింద గడ్డలా తగులుతోందా? వీపంతా మొటిమలా? వృషణాలు చిన్నవైనట్టుందా? పిక్క వాచి నొప్పా? మెట్లెక్కితే ఆయాసమా? తెల్లవారుజాము స్తంభనలు ఆగిపోయాయా? చివరిదాన్ని సిగ్గుపడి దాచకండి. అంగంలోని ధమనులు గుండె ధమనులకన్నా సన్నవి, అందుకే రక్తనాళాల జబ్బు కొన్నిసార్లు అక్కడే ముందు బయటపడుతుంది. ఛాతీ పట్టేసినా, పిక్క వాచినా రేపటిదాకా ఆగకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

అమ్మానాన్నలూ, గదిలో సిరంజిలు కనిపిస్తే కేకలేయకండి, పక్కన కూర్చుని అడగండి. తమ్ముళ్లూ, ఈ వారమే ఎండోక్రైనాలజిస్టును కలవండి. ఏం వాడారో, ఎన్నాళ్లు వాడారో దాచకుండా చెప్పండి, వాడిన సీసా ఉంటే వెంట తీసుకెళ్లండి. రక్తపోటు, హిమోగ్లోబిన్, హిమాటోక్రిట్, కొలెస్టరాల్, టెస్టోస్టిరాన్, వీర్యం పరీక్షలు చేయించమనండి. నీరసం తగ్గాలని ఎవరైనా మళ్లీ టెస్టోస్టిరానే రాస్తే, మాకు పిల్లలు కావాలని ముందే చెప్పండి.