గంటకి నీ రేటెంత బాసూ?

పోయినేడాది లేబర్ డే సెలవుల్లో మా హాలు, రెండు బెడ్‌రూముల నేల నేనే గీకి, పాలిష్ పెట్టుకున్నా. మాది న్యూజెర్సీలో 1954లో కట్టిన కొంప. కంపు కొట్టే కార్పెట్ పీకితే అడుగున రెండుంపావు అంగుళాల వెడల్పు రెడ్ ఓక్ చెక్కలు బయటపడ్డాయి. నల్లగా మాసిపోయాయి గానీ చెక్క మాత్రం రాయిలా ఉంది. ఇది చెప్పగానే ఆఫీసులో మనవాళ్ళు నలుగురూ అడిగింది ఒకటే ప్రశ్న: "గంటకి నీ రేటెంత బాసూ?"

వాళ్ళ లెక్కేంటంటే, గంటకి నాకిన్ని డాలర్లు వస్తాయి గనక పాతిక గంటలు నేల గీకితే అన్ని డాలర్లు బొక్క. కాబట్టి ఓ మూడువేలు పారేసి మనిషిని పెట్టుకోవడమే తెలివైనవాడి లక్షణం. ఈ మాట విని విని చెవులు చిల్లులు పడ్డాయి. ఇవాళ దీని సంగతేంటో తేల్చేద్దామని కూర్చున్నా.

మొదటి సంగతి, ఆ లెక్కే తప్పు. మనలో చాలామంది జీతగాళ్ళం. శనివారం నేల గీకకుండా పడుకుంటే ఆ గంటలకి ఎవడైనా డబ్బులిస్తాడా? అదే మనిషి ఆదివారం పొద్దున్నే లేచి ఎనిమిది గంటలు క్రికెట్ చూస్తాడు. అప్పుడెవరూ రేటు అడగరే! చేతికి దుమ్ము అంటే పని అయితేనే ఈ అర్థశాస్త్రం గుర్తొస్తుంది. కనక విషయం డబ్బు కాదు. అదేంటో చివర్లో చెప్తా.

రెండోది, "అదేముంది, మిషను అద్దెకి తెచ్చి తోసేయడమేగా" అనే మాట. అయ్యా, తోసి చూడండి ఓసారి. ముందు ప్రతి మేకు తలనీ చెక్క లోపలికి దిగ్గొట్టాలి. లేకపోతే శాండింగ్ కాగితం పర్రుమని చిరుగుతుంది. తర్వాత 36 నంబరు గరుకు, దాని మీద 60, దాని మీద 80 లేదా 100. మధ్యలో ఒకటి ఎగరగొడితే అప్పటికేమీ కనపడదు, పాలిష్ వేశాక గీతలన్నీ తేలతాయి. అన్నిటికన్నా ముఖ్యం, డ్రమ్ము నేలకి ఆనుండగా మిషను ఒక్క క్షణం కూడా ఆగకూడదు. నేను ఆగా. కిటికీ దగ్గర పిల్లది పిలిస్తే తల తిప్పా. అంతే, అరచెయ్యి వెడల్పున గుంట! ప్రొడక్షన్లో పొరపాటు చేస్తే రోల్‌బ్యాక్ ఉంటుంది, ఓక్ చెక్కకి ఉండదు. ముప్పావు అంగుళం చెక్కలో గీకడానికి పనికొచ్చేది గాడికి పైనున్న సుమారు పావు అంగుళమే. అది అయిపోతే నేల ఆయుష్షూ అయిపోయినట్టే.

ఇది "బుర్ర అక్కర్లేని పని" అనేవాళ్ళకి ఇంకోటి చెప్పాలి. ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అని 38 అంతస్తుల భవనం ఉండేది. 1991 ఫిబ్రవరిలో అందులో నిప్పంటుకుని ముగ్గురు ఫైర్‌మెన్ చనిపోయారు. కారణం? చెక్క పని చేసి పడేసిన, లిన్సీడ్ నూనె అంటిన గుడ్డపీలికలు! ఆ నూనె ఆరేటప్పుడు గాలిలో ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. ఉండచుట్టి పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల లేకుండానే మండుతుంది. గుడ్డల్ని విడివిడిగా బయట పరిచి ఆరబెట్టాలని పని తెలిసినవాడికి తెలుసు. మరి బుర్ర అక్కర్లేనిది ఎవరికి?

అలాగని అన్నీ మీరే చెయ్యండని నేననను. అమెరికాలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. అంతకు ముందు ఇల్లయితే పరీక్ష చేయించకుండా గీకొద్దు. ఆ దుమ్ము పిల్లలకి విషం. నేను చేయించాకే మొదలెట్టా. మా వంటింట్లో తొమ్మిదంగుళాల పాత టైల్స్ ఉన్నాయి. వాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. వాటి జోలికి పోలేదు, లైసెన్సు ఉన్నవాళ్ళని పిలిచా. "నువ్వే చేసుకుంటే పనివాడి పొట్ట కొట్టినట్టు కాదా" అని ఒకాయన అడిగారు. మంచి ప్రశ్నే. కానీ పనివాడితో యాభై డాలర్ల కోసం గంటసేపు బేరమాడేది కూడా ఆయనే! మోకాళ్ళ మీద కూర్చుని గోడవారన ఎడ్జర్ పట్టిన మర్నాడు నేను మంచం మీంచి లేవలేకపోయా. అప్పట్నించీ ఎవరితోనూ కూలి దగ్గర గీచిగీచి మాట్లాడ్డం మానేశా.

ఇక అసలు విషయం. చిన్నప్పుడు మా ఊళ్ళో ఇంటి తలుపులకి పాలిష్ పెట్టడానికి ఒక వడ్రంగి వచ్చేవాడు. ఉప్పుకాగితంతో రోజంతా రుద్ది, లక్క పాలిష్ పట్టిస్తే తలుపులో మొహం కనపడేది. మధ్యాన్నం దాహమేస్తే ఆయనకి మంచినీళ్ళు అరుగు మీదే, వేరే గ్లాసులో. ఆయన చేసిన తలుపు ఇంట్లోకి వచ్చింది, ఆయన రాలేదు. మా నాన్నకంటే పెద్దాయన్ని నేను "ఏరా" అనేవాణ్ణి. ఎవరూ తప్పనలేదు. "గంటకి రేటెంత" అనే ప్రశ్నకి వేరు అక్కడుంది. చేత్తో చేసే పని తక్కువ, చేసేవాడు తక్కువ. సముద్రం దాటొచ్చినా ఆ గ్లాసుని సూట్‌కేసులో పెట్టుకునే తెచ్చుకున్నాం. ఇక్కడ దానికి డాలర్లలో ఒక లెక్క తొడిగాం, అంతే.

ఫోన్లో వీడియో పెట్టి చూపిస్తే మా నాన్న, "ఇంత చదివీ వడ్రంగి పనేంట్రా" అన్నారు. "ఆయన చేస్తే ఇంకా బాగా వచ్చేది నాన్నా, నాది గుంట పడింది" అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నిజమే, బాగా చేసేవాడు" అన్నారు.

గుంట మీద రగ్గు వెయ్యమని మా ఆవిడ పోరు. నేను వెయ్యను. మనవాళ్ళు ఇంటికొచ్చినప్పుడు ముందు అదే చూపిస్తున్నా.