మేరీమాతకు దణ్ణం పెట్టడం విగ్రహారాధనా?

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో విజయవాడ గుణదల కొండ మీద మనుష్యులు కనిపిస్తారు గాని మెట్లు కనిపించవు. కొందరు కొవ్వొత్తులు వెలిగిస్తారు, కొందరు తలనీలాలిస్తారు, కొందరు కొబ్బరికాయలు కొడతారు. వచ్చేవారిలో హిందువులూ తక్కువేమీ కాదు. 1924లో ఆర్లాటి అనే ఇటలీ గురువు అక్కడ లూర్దుమాత స్వరూపాన్ని నిలిపారు. ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్త అనే పధ్నాలుగేళ్ళ పిల్లకు మొదటి దర్శనమయిందంటున్న రోజు 1858 ఫిబ్రవరి 11. అందుకే ఆ తేదీకి పండుగ.

ఈ తిరునాళ్ళు చూసినవారు తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది. "విగ్రహాలు కూడదని బైబిలులో ఉన్నది కదా! మరి ఆర్.సి.యం. వారు చేస్తున్నదేమిటి?" అని. హిందూ స్నేహితులు అడిగినప్పుడు నవ్వుతూ అడుగుతారు. ప్రొటెస్టెంటు బంధువులు అడిగినప్పుడు ఆ నవ్వు ఉండదు.

మన జిల్లాలలో ఇది పండితుల తగవు కాదు, ఇంట్లో తగవు. పుట్టిల్లు ఆర్.సి.యం., అత్తిల్లు లూథరనో బాప్టిస్టో అయిన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. కోడలు తెచ్చుకున్న జపమాల, మేరీమాత పటం ఎక్కడ ఉంచాలన్న దగ్గర మాట మొదలవుతుంది. బిడ్డ పుట్టిన తరువాత జ్ఞానస్నానం ఎక్కడ అన్నదాకా వెడుతుంది. కనుక కేథలిక్కులు నిజంగా ఏమి నమ్ముతారో తెలుసుకోవడం ఇరుపక్షాలకూ మంచిది. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం తరువాతి సంగతి.

మొదటి ఆక్షేపణ విగ్రహాన్ని గురించి. రూపాలు చేసుకుని వాటికి మ్రొక్కవద్దన్న ఆజ్ఞ నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఉన్నమాట నిజమే. అదే గ్రంథం 25వ అధ్యాయంలో మందసం పైన బంగారంతో రెండు కెరూబుల రూపాలు చేయమన్నదీ ఆ దేవుడే. సంఖ్యాకాండం 21లో ఇత్తడి సర్పాన్ని చేయించినదీ ఆయనే. రూపం చేయడమే పాపమయితే ఈ మాటలు పొసగవు. రూపాన్ని దైవమనుకోవడమే పాపమని కేథలిక్కుల సమాధానం.

అయితే ఆ సర్పం కథ అక్కడితో ఆగలేదు. కొన్ని తరాల తరువాత జనం దానికే ధూపం వేయసాగారు. అప్పుడు హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయించాడు. ఆక్షేపించేవారి భయానికి ఆధారం ఇక్కడ ఉన్నది. కేథలిక్కులు దానిని తేలికగా తీసివేయకూడదు. వారి సభ తీసివేయనూ లేదు. 787లో నైసియాలో జరిగిన మహాసభ, ప్రతిమలకు చూపే గౌరవం వేరు, దేవునికి మాత్రమే చెల్లే ఆరాధన వేరు అని తేల్చింది. ట్రెంటు మహాసభ 1563లో ఇంకా స్పష్టంగా చెప్పింది: ప్రతిమలో దైవత్వమున్నదని నమ్మకూడదు, ప్రతిమను వరాలు అడగకూడదు, చూపిన గౌరవం ఆ రూపం ఎవరిదో వారికే చెందుతుంది. గతించిన తండ్రి ఫోటోకు దండ వేసే కూతురు ఆ దండ కాగితానికి వేస్తున్నానని అనుకోదు కదా!

"ఆర్.సి.యం. వారు రెండవ ఆజ్ఞను తీసివేశారు" అని మరొక మాట వింటూ ఉంటాము. తీసివేయలేదు. బైబిలులో పది ఆజ్ఞలకు అంకెలు వేసి లేవు. అగస్టీను అనుసరించిన లెక్కలో విగ్రహాల మాట మొదటి ఆజ్ఞలో చేరుతుంది, ఆశను గురించిన చివరి ఆజ్ఞ రెండవుతుంది. విశేషమేమంటే లూథరనుల లెక్కా ఇదే! 1842లో హయ్యరు గుంటూరుకు వచ్చి స్థాపించిన మిషను వారిదీ ఆ సంప్రదాయమే. లూథరు కూడా 1522లో విట్టెన్‌బర్గులో ప్రతిమలు పగలగొట్టిన వారిని మందలించాడు. అంతకు ముందటి యేడు మరియమ్మ స్తుతి గీతానికి భక్తితో వ్యాఖ్యానం వ్రాశాడు. పునీతులను ప్రార్థించడాన్ని మాత్రం ఆయన అంగీకరించలేదు. ఆ భేదం దాచవలసినది కాదు.

రెండవ ఆక్షేపణ: "మరియమ్మను దేవతను చేశారు." నాల్గవ శతాబ్దంలో కొందరు స్త్రీలు మరియమ్మ పేర చిన్న రొట్టెలు నైవేద్యం పెట్టేవారట. వారిని ఖండించినవాడు ఎపిఫానియుస్ అనే బిషప్పు. ఆమెను గౌరవించవచ్చును గాని ఆరాధించకూడదని ఆయన అప్పుడే తేల్చి చెప్పాడు. నేటికీ గుణదల పండుగలో సమర్పించే దివ్యబలిపూజ మరియమ్మకు కాదు, దేవునికే.

మూడవది అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ. దేవునికీ మనుష్యులకూ క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి అని పౌలు తిమోతికి వ్రాశాడు. అటువంటప్పుడు మధ్యలో మరియమ్మ ఎందుకు? జపమాలలో 53 పూసలు మరియమ్మకు, ఆరు మాత్రమే పరలోక జపానికి ఎందుకు?

మంగళవార్త జపం మొదటి సగం లూకా సువార్త మొదటి అధ్యాయం నుంచి తీసుకున్నది: గబ్రియేలు పలకరింపు, ఎలిజబెత్తు దీవెన. రెండవ సగంలో భక్తులు ఆమెను అడిగేది, తమ కోసం దేవుని ప్రార్థించమని. అంతకు మించి కాదు. పౌలు ఆ మధ్యవర్తి మాట వ్రాసిన అధ్యాయాన్నే, అందరి కోసం ప్రార్థనలు చేయమని మొదలు పెట్టాడు. జ్వరం వచ్చినప్పుడు "నా కోసం ప్రార్థన చేయండి" అని మీరు పాస్టరుగారిని అడిగితే క్రీస్తును తోసివేసినట్లు కాదు కదా! కేథలిక్కులు మరియమ్మను అడిగేదీ అదే.

"పాస్టరుగారు బ్రతికి ఉన్నారు, మరియమ్మ లేదు కదా" అంటారు. క్రీస్తులో మరణించినవారు దేవుని యెదుట సజీవులేనని కేథలిక్కుల విశ్వాసం. అలా అడగమని బైబిలులో ఆజ్ఞ లేదు కదా అని ప్రొటెస్టెంట్ల మాట. ఈ ముడి ఒక పేజీలో విడిపోదు. కాని ఇది విగ్రహారాధనను గురించిన తగవు కాదు, ప్రార్థనను గురించిన అభిప్రాయ భేదం. ఈ రెంటికీ చాలా దూరమున్నది.

భక్తి హద్దు మీరకుండా రోము కూడా కాపలా కాస్తూనే ఉన్నది. 1964లో రెండవ వాటికన్ మహాసభ, మరియమ్మ విషయంలో అతిశయోక్తులూ కూడవు, సంకుచితమూ కూడదు అన్నది. 2025 నవంబరులో వాటికన్ విశ్వాస వ్యవహారాల శాఖ, ఆమెను "సహరక్షకి" అనడం తగదని ప్రకటించింది. రక్షకుడు క్రీస్తు ఒక్కడేనన్న మాట మరుగున పడకూడదని దాని ఉద్దేశం.

ఇక తలనీలాలు, కొబ్బరికాయలు ఈ దేశపు మొక్కుబడి రీతులు. ఏ భావంతో ఇస్తున్నారన్నదే ప్రశ్న. దేవుడు ఇవ్వనిది ఈ తల్లి ఇస్తుందనుకుని కొండ ఎక్కినవారు కేథలిక్కు బోధనే దాటినట్లు. ఆ సంగతి వారికి నచ్చచెప్పవలసినది గురువులూ, ఇంట్లో పెద్దలూను.

కనుక అత్తగారూ, కోడలి జపమాలను పెట్టెలో దాచే ముందు ఆమె ఏమని ప్రార్థిస్తున్నదో ఒకసారి అడగండి. కోడలమ్మా, అత్తగారి ప్రశ్నను అవమానంగా తీసుకోకు. దేవునికి చెందవలసినది మరొకరికి పోకూడదన్న ఆదుర్దా అది. నీ విశ్వాసమూ చెప్పేది అదే కదా! లూకా మొదటి అధ్యాయం మీ ఇద్దరి బైబిళ్ళలోనూ ఉన్నది. తీరికగా ఉన్న ఒక సాయంకాలం కలిసి చదువుకోండి.