కథాపఠనంలో కాకువు – ఒక శ్రోత అభిప్రాయం

మన ఆలంకారికులు కావ్యాన్ని దృశ్యమనీ, శ్రవ్యమనీ రెండుగా విభజించినారు. కంటితో మౌనంగా చదువుకొనే కావ్యమనే మూడవ విభాగం వారి దృష్టిలో లేదు. తాళపత్రం పాఠరక్షణకు సాధనం. కావ్యానుభవానికి స్థానం చెవి. అచ్చుయంత్రం వచ్చిన తరువాత ఈ స్థితి మారినది. 1878లో వివేకవర్ధనిలో వెలువడనారంభించిన వీరేశలింగంగారి రాజశేఖర చరిత్రము మొదలుకొని తెలుగు నవల అచ్చుకాగితం మీదనే పుట్టి, అచ్చుకాగితం మీదనే పెరిగినది. విశ్వనాథ సత్యనారాయణగారు వేయిపడగలును ఆశువుగా చెప్పగా తమ్ముడు వెంకటేశ్వర్లుగారు వ్రాసినారని ప్రసిద్ధి. చెప్పడంలో పుట్టిన ఆ నవలను కూడ లోకం కంటితోనే చదివినది. పద్యపఠనానికి మనకు గురుపరంపర ఉన్నది, పురాణప్రవచనానికి ఉన్నది, హరికథకు ఉన్నది. నవలను, కథను వినిపించడానికి మాత్రం లేదు. ఇప్పుడు ఆడియో పుస్తకాల మూలంగా కల్పనాగద్యం తిరిగి చెవిని చేరుతున్నది. దానిని ఎట్లు చదవవలెనన్న విషయంలో శిక్షాశాస్త్రం, నాట్యశాస్త్రం, అలంకారశాస్త్రం చదివినవారు చెప్పదగిన మాట కొంత ఉన్నది. ఆ మాట చెప్పడమే ఈ వ్యాసోద్దేశం.

ఈ ప్రక్రియ పూర్తిగా కొత్తది కాదు. 1935లో ఇంగ్లాండులో అంధులకోసం గ్రామఫోను పలకల మీద పుస్తకాలను చదివించినప్పుడు మొదటివాటిలోనే అగాథా క్రిస్టీ, కాన్రాడుల కల్పనారచనలు ఉన్నవి. మనకు ఆకాశవాణి ఆ పనిని వేరొక రీతిలో చేసినది. విజయవాడ కేంద్రం నుండి ఉషశ్రీగారు చెప్పిన రామాయణ భారతాలను ఊరూరా జనం రేడియోల చుట్టూ చేరి విన్నారు. గద్యం పాట కాకుండానే, నాటకం కాకుండానే శ్రోతను కట్టివేయగలదని ఆ కంఠం నిరూపించినది. అనంతరం క్యాసెట్లు వచ్చినవి. నేడు చేతిలోని ఫోనులోనే దాసుభాషితం, స్టోరీటెల్, హర్షణీయం వంటివి తెలుగు కథలను వినిపిస్తున్నవి. నా వంటి చూపు మందగించినవారికి, అక్షరం రాని పెద్దలకు, పరదేశంలో పెరిగి తెలుగు వినగలిగీ లిపి చదవలేని పిల్లలకు ఇది మహోపకారం. పుస్తకాన్ని వినడం చదవడం కాదనే ఆక్షేపణను శ్రుతిపరంపరలో పుట్టిన మనం లెక్కచేయనక్కరలేదు. విచారించవలసినది వినడాన్ని గురించి కాదు, వినిపించడాన్ని గురించి. శిక్షాగ్రంథాలలో పాఠకుడంటే వినిపించేవాడే; నేటి తెలుగులో ఆ పదానికి తనలో తాను చదువుకొనేవాడనే అర్థం రూఢమైనది. కనుక పుస్తకాన్ని వినిపించేవారిని ఈ వ్యాసంలో పఠిత అంటున్నాను.

పాణినీయశిక్ష మంచి పఠనానికి ఆరు గుణాలు చెప్పినది: కంఠమాధుర్యం, అక్షరస్పష్టత, పదవిభాగం, చక్కని స్వరం, తొట్రుపాటు లేమి, లయ. అధమపాఠకులనూ ఆరుగురినే పేర్కొన్నది. పాటగా చదివేవాడు, తొందరగా చదివేవాడు, తల ఊపుతూ చదివేవాడు, వ్రాతను చూచి చదివేవాడు, అర్థం తెలియక చదివేవాడు, గొంతు చాలనివాడు. వీరిలో తల ఊపేవాడు ఆడియో పుస్తకంలో మనకు కనబడడు. తక్కిన ఐదుగురూ వినబడుతూనే ఉన్నారు.

అక్షరస్పష్టత విషయంలో ఉదాహరణలకు వెదకనక్కరలేదు. ‘ళ’ పలకని పఠిత చేతిలో ‘కళలు నశించినవి’ అన్న వాక్యం ‘కలలు నశించినవి’ అవుతున్నది. రెండు వాక్యాలూ అర్థవంతములే గనుక శ్రోతకు అనుమానమైనా రాదు. అచ్చుతప్పు కనబడుతుంది, దిద్దుకొంటాము. ఇటువంటి ఉచ్చారణదోషం మరొక అర్థమై మనస్సులో నిలిచిపోతుంది. తల్లిపులి పిల్లలను నోట కరచుకొని, జారవిడువకుండా, గాటుపడనీయకుండా మోసినట్లు అక్షరాలను పలుకవలెనని శిక్షాకారులు చెప్పినది అందుకే.

వ్రాతను చూచి చదివేవాడు అధముడన్న మాట ఇక్కడ ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. ఆడియో పుస్తకం చదివేవారందరూ లిఖితపాఠకులే కదా. నాలుగువందల పుటల నవలను ఎవరు కంఠస్థం చేయగలరు? శిక్షాకారుని నిషేధం పుస్తకం చేతిలో ఉండడాన్ని గురించి అనుకొంటే ఈ ప్రక్రియ మొత్తం దోషమే అవుతుంది. నిషేధహేతువును విచారిస్తే వేరు అర్థం తోస్తుంది. కన్ను ఏ మాట మీద ఉన్నదో బుద్ధి కూడ అంతవరకే పోయి ఆగేవాడు లిఖితపాఠకుడు. వాక్యం ఎక్కడ ముగుస్తుందో వానికి తెలియదు. పదవ ప్రకరణంలో ద్రోహి అని తేలబోయే పాత్రను మూడవ ప్రకరణంలో ఏ స్వరంతో పలికించవలెనో తెలియదు. పుస్తకం మొత్తం ముందుగా చదివి, కథాగతిని మనస్సులో నిలుపుకొన్నవాడు కాగితం చూచి చదివినా లిఖితపాఠకుడు కాడు. ధ్వనిముద్రణ గదిలో తొలిసారిగా పుస్తకం తెరిచేవాడు మాత్రం నిస్సంశయంగా అధముడే. రెండు పుటలు వింటే ఈ భేదం తెలిసిపోతుంది.

పాటగా చదవడం మనకు పాత అలవాటు. ద్రావిడకవులు గద్యమైనా పద్యమైనా పాట కలిపే చదువుతారని రాజశేఖరుడు కావ్యమీమాంసలో వేయి సంవత్సరాలకు పూర్వమే గమనించినాడు. పద్యానికి అది కొంతవరకు శోభ. పుట్టపర్తి నారాయణాచార్యులవారు ప్రొద్దుటూరులో వ్రాసిన శివతాండవం చదవడానికి లయ ప్రాణం. ఆ గతి పఠితను తానే నడిపిస్తుంది. గద్యానికి అటువంటి కట్ట లేదు. ఛందస్సును బట్టి కాక అర్థాన్ని బట్టి విరామం ఉండవలెనని భరతుడు చెప్పినది పద్యానికే ఇంత అవసరమైతే, గద్యానికి ఇక చెప్పవలసినదేమున్నది? ప్రతి వాక్యాన్నీ ఒకే ఎత్తులో ఆరంభించి, ఒకే దిగుడులో ముగించే పఠన విన్న కొద్దిసేపటికే జోలపాట అవుతుంది. కథ వెనుక ఎడతెగక మ్రోగే వీణ, వేణువు సంగతి కూడ ఇంతే. కరుణరసం రచనలో ఉంటే వేణువు అక్కరలేదు. లేకుంటే వేణువు తేలేదు.

ఇక ప్రధానవిషయం కాకువు. ఒకే వాక్యం కంఠధ్వని భేదం చేత వేరు అర్థమివ్వడం కాకువని విజ్ఞులకు విదితమే. వేణీసంహారంలో భీముడు పలికిన మాట అక్షరాలను బట్టి కౌరవులను చంపననడం. కంఠాన్ని బట్టి చంపి తీరుతాననడం. మమ్మటుడు దానిని కాక్వాక్షిప్తానికి ఉదాహరించినాడు. రుద్రటుడు కాకువక్రోక్తిని అలంకారంగా చెప్పగా రాజశేఖరుడు అంగీకరించలేదు. కాకువు పఠనధర్మం, అది అలంకారమెట్లవుతుందని ఆయన ఆక్షేపణ. ఆ కాలంలో అది శాస్త్రచర్చ. నేడు ఆడియో పుస్తకం ముందు అది నిత్యవ్యవహారం. మౌనంగా ఉన్న పుటలో కాకువు లేదు, దానికి అవకాశం మాత్రమే ఉన్నది.

మా రాజుపాలెం ప్రాంతంలో తల్లి ఒకతె గడపలో కూర్చొని ‘వస్తాడులే’ అన్నదనుకొందాము. అది నమ్మకం కావచ్చు, ఎదుటివారికి చెప్పే ఓదార్పు కావచ్చు, ఇక రాడని తెలిసిన నిరాశ కావచ్చు. పుటలో మూడూ ఉన్నవి. చదువుకొనేవాడు మూడింటినీ క్షణకాలం మనస్సులో పట్టి ఉంచగలడు. పఠిత నోరు తెరవగానే రెండు పోయి ఒకటి మిగులుతుంది. అనగా పఠిత వ్యాఖ్యాత. మల్లినాథుడు ఒక అర్థం వ్రాస్తే పక్కన మూలం కనబడుతూనే ఉంటుంది. పఠిత వ్యాఖ్యానంలో మూలమూ వ్యాఖ్యా ఒకే ధ్వనిగా వస్తవి, శ్రోతకు వేరుచేసుకొనే అవకాశం లేదు. వానకోసం విరాటపర్వం చదివించే మన పల్లెలలో ఒకరు పద్యం చదువుతారు, మరొకరు అర్థం చెబుతారు. ఇద్దరు పంచుకొన్న ఆ బరువును ఆడియో పుస్తకంలో ఒకే కంఠం మోస్తున్నది.

అందుచేత పఠితకు అన్నిటికన్న ముఖ్యమైన గుణం సంయమనమని నా అభిప్రాయం. ప్రకరణం నిర్ణయించిన చోట కాకువును స్పష్టంగా పలుకవలెను. రచయిత కావాలని నిర్ణయించని చోట పఠిత కూడ నిర్ణయించరాదు. ‘వస్తాడులే’ అన్నదానిని ఏడుపుగొంతుతో పలికినవాడు రచయిత దాచినదానిని ముందే బయటపెట్టినవాడు. నటులు కొందరు ఈ పనిలో విఫలులు కావడానికి కారణమిదే. నటునికి ఒకే పాత్ర. అతని అభినయానికి వేషం, రంగం, ఎదుటి నటుడు తోడు. పఠితకు ఇరవై పాత్రలు, వాటితోపాటు ఏ పాత్రా కాని కథకుడు. స్త్రీపాత్ర వచ్చినప్పుడెల్లా గొంతు సన్నగిల్లజేసే పురుషుడు, ముసలివాడు మాట్లాడితే వణికే యువకుడు కథను పగటివేషం చేస్తున్నారు. భరతుడు పాఠ్యానికి చెప్పిన ఆరు అంగాలలో విచ్ఛేదం, అనుబంధం, దీపనం, ప్రశమనం అనే నాలుగు చాలు. ఎక్కడ ఆపవలెనో, ఎక్కడ ఊపిరి తెగకుండా కలుపవలెనో, ఎట్లు క్రమంగా ఎక్కించి ఎట్లు దించవలెనో తెలిసిన పఠిత గొంతు మార్చకుండానే పాత్రను మార్చగలడు.

ఇంతకన్న బాధ కలిగించేది మాండలిక విషయం. పేరు చెప్పను గాని, మా సీమ కథ ఒకదాని శ్రవణరూపంలో రైతు పాత్ర ‘కత’ అన్నచోట పఠిత ‘కథ’ అని దిద్ది చదివినాడు; ‘యాడికి పోతాండావు’ అన్నదానిని పత్రికాభాషకు దగ్గరగా సవరించినాడు. అదే పఠిత, నవ్వు పుట్టించవలసిన పాత్ర రాగానే, సినిమాలలో ముఠానాయకులు పలికే కృత్రిమపు యాసను పూనినాడు. మొదటిది మా మాటను తప్పుగా భావించడం. రెండవది వేళాకోళంగా భావించడం. రెండింటికీ మూలం ఒకటే అజ్ఞానం.

ఈ విషయంలో శాస్త్రం పక్షం స్పష్టం. అనుకరణంలో ఏ దోషమూ దోషం కాదని మమ్మటుని నిర్ణయం. కథకుని వాక్యంలో మహాప్రాణం లోపిస్తే దోషం. రైతు నోట ‘కత’ అన్నది గుణం. దానిని దిద్దడమే దోషం. నాట్యశాస్త్రం మాగధి మొదలుకొని దాక్షిణాత్య వరకు ఏడు భాషలను పాత్రలకు విధించినది. మృచ్ఛకటికంలో శకారుడు సకారానికి శకారం పలుకుతాడు. అతని ఉచ్చారణను దిద్దితే శకారుడే మిగలడు. ప్రాకృతాన్ని అంత శ్రద్ధగా చదువుకొనే మనం కుందూ ఒడ్డున వెల్లాల, రాజుపాలెం పల్లెల పలుకుబడిని అశాస్త్రీయమని ఎట్లు అనగలము?

కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లా ఊళ్ళ పేర్లను పరిశోధించిన పండితులు. 1996లో కేంద్రసాహిత్య అకాడమీ పురస్కారమందుకొన్న ఆయన కథలలో కరువు, అప్పు, ఊరిపెత్తనం ఈ నేల పలుకుతోనే మాట్లాడుతవి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి కొండపొలంలో నల్లమలకు గొర్రెలను తోలుకొని పోయేవారి మాటలు, చిత్తూరు సీమ నుండి నామిని సుబ్రహ్మణ్యంనాయుడుగారి కథలు కంటితో చదివేటప్పుడే చెవిలో మ్రోగుతవి. వీటిని వినిపించే పఠిత ఈ ప్రాంతంలోనే పుట్టి ఉండవలెనని నేననను. అట్లయితే శకారుణ్ణి ఎవరూ చదవలేరు. ఆ పలుకును నేర్చుకోవలెను, నేర్చుకొనేదాకా ఆ పుస్తకం ముట్టరాదు అంటాను. ‘మంచి పని చేసినావు పో!’ అన్న మాట మా వైపు మెచ్చుకోలు ఎప్పుడవుతుందో, తిట్టు ఎప్పుడవుతుందో తెలియనివాడు మా కథకు కంఠమెట్లు కాగలడు? పిల్లలు తమ అవ్వ మాట పుస్తకంలో గౌరవంగా వినబడితే దానిని నిలుపుకొంటారు. హాస్యానికి మాత్రమే వినబడితే సిగ్గుపడి విడిచిపెడతారు.

యంత్రకంఠం కూడ పుస్తకాలు చదవడం మొదలుపెట్టినది. వార్తకు, ప్రకటనకు అది పనికివస్తుంది. అక్షరం తడబడదు, అలసట లేదు. సాకాంక్షము, నిరాకాంక్షము అని కాకువు రెండు విధాలు. చెప్పవలసినది ఇంకా మిగిలి ఉన్నదన్న తపన పలికేవానిలో ఉంటేనే మొదటిది కంఠంలోకి వస్తుంది. అందుచేత యంత్రం కన్న నాకు యంత్రం వలె చదివే మనిషిని గురించియే విచారం.

ప్రాచ్యకళాశాలలు ఈ విషయంలో చేయదగిన పనులు మూడు ఉన్నవి. శిక్షను, పాఠ్యగుణాలను పరీక్ష కోసం చెప్పి విడువక, వారానికి ఒక గంట తెలుగు గద్యాన్ని బిగ్గరగా చదివించడం మొదటిది. రెండవది, పల్లెల నుండి వచ్చే విద్యార్థుల చేత వారి ఇంటి పెద్దల సంభాషణను, కథ చెప్పే తీరును ధ్వనిముద్రణ చేయించి భద్రపరచడం. మూడవది, ప్రాంతీయ కథాసంపుటాలకు పఠనప్రతులు సిద్ధం చేయడం. వేదపాఠంలో ఉదాత్తానుదాత్తాలకు గీతలు గీసిన జాతి మనది. ఒక సీమకథలో ఎక్కడ విరామమో, ఏ మాట ఎట్లు పలుకవలెనో, ఏ చోట అర్థం తెరచి ఉంచవలెనో గుర్తులు పెట్టడం మనకు అసాధ్యం కాదు. ఆడియో పుస్తకాలవారికి కంఠాలున్నవి, యంత్రసామగ్రి ఉన్నది. పఠనశాస్త్రం మన వద్ద ఉన్నది. కావ్యం ఎవరైనా ఎట్లో చేయగలరు గాని, సరస్వతి సిద్ధించినవారే చదవగలరని రాజశేఖరుని అభిప్రాయం. ఆ సిద్ధికి దారి చూపే పని అధ్యాపకులది. రానున్న విద్యాసంవత్సరంలో ఒక్క కళాశాలయైనా ఒక్క కథతో ఈ పనికి పూనుకొనవలెనని నా ప్రార్థన.