సున్నం పని రాదన్నది అబద్ధం

హైదరాబాద్ పాతబస్తీలో పాత ఇంటి గోడ పెచ్చులూడితే చాలు, అందరి నోటా ఒకటే సలహా: "డంగు సున్నం పని తెలిసినవాళ్ళు పోయారు. ఇప్పుడు నేర్చుకుంటే వచ్చేది కాదు. సిమెంటు పూసెయ్యండి." పెరట్లో సొంతంగా ఓ చిన్న గది కట్టుకుందామని ఉబలాటపడే కుర్రాడికీ ఇదే చెబుతారు. ఆ మూడు మాటలూ తప్పే.

పనివాళ్ళు పోయారా? గోల్కొండ పక్కన కుతుబ్‌షాహీ సమాధులు చూసి రండి. 2013లో ఆగాఖాన్ ట్రస్టు అక్కడ మొదలుపెట్టిన పునరుద్ధరణ 2024లో ముగిసింది. ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో పూసిన సిమెంటును గీకి తీసి, మళ్ళీ సున్నంతో పూత వేశారు. ఆ పని చేసినవాళ్ళు మన కాలపు మేస్త్రీలే.

సిమెంటే దిక్కా? చార్మినార్ కట్టింది 1591లో. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు వచ్చింది 1824లో. అంటే 233 ఏళ్ళు ఆ కట్టడం సిమెంటు పేరు వినకుండానే నిలబడింది. 2019 మే నెలలో ఒక మినారు నుంచి సున్నపు నగిషీ పెచ్చు రాలగానే, సున్నం బలం ఇంతేనన్నవాళ్ళున్నారు. ఎండావానలకు గురయ్యే ఏ పూతకైనా మరమ్మతు కావాలి. అంతమాత్రాన అది పనికిరానిదైపోదు. సున్నపు గోడ తడిని పీల్చి, మళ్ళీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ తడి లోపలే చిక్కుకుంటుంది. ఉప్పు పొంగుతుంది, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. సిమెంటు మీద నాకు పగ లేదు. కొత్త పిల్లరుకూ స్లాబుకూ అదే వాడాలి, ఇంజినీరు లెక్కతోనే వేయాలి. పాత సున్నపు గోడకు మాత్రం అది వైద్యం కాదు.

ఇక నేర్చుకుంటే రాదన్న మాట. అన్నిటికన్నా హాని చేసేది ఇదే. కాల్చిన సున్నపురాయి నీళ్ళలో పడగానే కుతకుత ఉడుకుతుంది. కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు లేకుండా దగ్గరికి పోకూడదు. ఆ ముద్దను వారాల తరబడి నీళ్ళ కింద మాగనివ్వాలి. ఒక పాలు సున్నానికి రెండు మూడు పాళ్ళ ఇసుక, కాస్త ఇటుకపొడి కలిపి గానుగలో రుబ్బాలి. అదే డంగు సున్నం. పాతవాళ్ళు బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం కూడా చేర్చేవారు. తాపీ తిరగేసినా ముద్ద జారకుండా అంటుకుంటే పాకం కుదిరినట్టే. పూత పలుచగా వేసి, తడుపుతూ, ఆగి, మరో పూత వేయాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏదీ లేదు, ఓపిక కావాలంతే.

పైగా కొత్తవాడికి సున్నమే మేలు. అది మెల్లగా గట్టిపడుతుంది. తూకం గుండు వేసి చూసినప్పుడు వరస వంకరపోయిందని తేలితే ఇటుక ఊడదీసి, గీకి, మళ్ళీ పెట్టొచ్చు. సిమెంటు బిగిశాక ఇటుక పగలాల్సిందే. నడుమెత్తు గోడ ఒకటి నిలువుగా లేపినవాడికి మూలమట్టం, రసమట్టం చేతికి అలవాటవుతాయి. ఆ తరువాత చిన్న గది అతనికి భయం కాదు.

మన నగరంలో 1998 నుంచి నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ యువతకు తాపీపని నేర్పుతోంది. పాతబస్తీలోనే ఒక డంగు సున్నం తరగతి తెరవాలి, సమాధుల దగ్గర చెయ్యి తిరిగిన మేస్త్రీలనే గురువులుగా పెట్టాలి. అంతవరకూ ఇంటి యజమానులకు నా విన్నపం ఒక్కటే: సిమెంటు బస్తా విప్పేముందు, సున్నం తెలిసిన ఒక్క మేస్త్రీకి మీ గోడ చూపించండి.